ఆపాక పేలిన గింజలు

టెలిఫోనమ్మ స్టవ్ ఆపింది. ఆపానని మంగళవారం సాయంత్రం నుంచీ చెబుతూనే ఉంది. చెవిన వేసుకునేవాళ్ళే లేరు.

ఆ రోజు మనవరాలు బడి నుంచి వచ్చేసరికి పేలాలు వేడిగా ఉండాలని, నాలుగింటికి మందపాటి అల్యూమినియం గిన్నెని ఎడమ బర్నరు మీద పెట్టింది. రెండు చెంచాల నూనె, అందులో మూడంటే మూడే మొక్కజొన్న గింజలు. ఆ మూడూ పేలాయంటే నూనె కాగినట్టు. అప్పుడు గుప్పెడున్నర గింజలు పోసి మూత పెట్టి, పాత తువ్వాలుతో గిన్నె చెవులు రెండూ పట్టుకుని ఆడించింది. ఇక్కణ్ణించి పని చేతులది కాదు, చెవులది. టపటపమని ఒకటే రొదగా ఉన్నంతసేపూ పెద్ద మంట ఉండాలి. రొద పలచబడి, ఒక గింజకీ ఇంకో గింజకీ మధ్య ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేంత సందు దొరకగానే ఆపెయ్యాలి. ఆపి, గిన్నెను దింపకూడదు. మూత కాస్త వారగా జరిపి బర్నరు మీదే వదిలెయ్యాలి. మిగిలినవి ఆ వేడికే పేలతాయి, ఆవిరి బయటికి పోయి పేలాలు కరకరలాడతాయి.

ముప్పై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్న మనిషికి ఇదేమంత పని? "లైన్ కలిసింది, మాట్లాడండి" అని ఎన్ని లక్షలసార్లు అని ఉంటుందో ఆమెకే తెలియదు. ఆ బిల్డింగులో ఆమె అసలు పేరు పోస్టుమ్యానుకి తప్ప ఎవరికీ తెలియదు. పెద్దా చిన్నా అందరికీ టెలిఫోనమ్మే.

ఒకటి, రెండు. పోయిన శనివారం కొడుకు కొత్తగా బిగించిన నాబ్‌ని ఆపే గుర్తు దాకా తిప్పింది. అంతలో వాన పడింది. బాల్కనీలోకి పరిగెత్తి ఆరేసిన బట్టలన్నీ లాగింది. దుప్పటి తీస్తుంటే వంటింట్లోంచి ఇంకా టప్పు టప్పుమని వినపడుతోంది. ఈసారి గింజ మంచిది వచ్చింది అనుకుంది. బట్టలు కుర్చీలో పడేసి, గొడుగు తీసుకుని, తలుపుకి తాళం వేసి, బడి వ్యాను కోసం కిందికి దిగింది. వానకి వ్యాను ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

మనవరాలికి ఏడేళ్ళు. నోరూ ఆగదు, కాలూ ఆగదు, అందుకని పిడుగు అంటారు. ఇద్దరూ ఒక్క గొడుగులో చెరిసగం తడిసి మూడో అంతస్తు ఎక్కేసరికి మెట్ల మీదంతా పొగ. ఎదురింటి టైలరమ్మ, తన దగ్గర దాచిన రెండో తాళంచెవితో తలుపు తీసి, కుట్టడానికి తెచ్చుకున్న గుడ్డేదో ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి దూరి, గ్యాస్ కట్టేసి, బయటికొచ్చి గోడ పట్టుకుని దగ్గుతోంది. గిన్నె అడుగు బొగ్గయింది. పై అరకి మసి పట్టింది. అంతకుమించి ఏమీ కాలలేదు.

కొడుకు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఏ మెషీను దగ్గర ఎవరి వేలు నలిగినా, కారణం ఇదీ అని రాసి సంతకం పెట్టే ఉద్యోగం. ఆ రోజు ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి నడిచాడు. గిన్నెని చూశాడు, మసిని చూశాడు, వెనక్కి తిరిగి తల్లిని చూశాడు.

"ఆపకుండా వెళ్ళిపోయావా అమ్మా?"

"ఆపానురా. నా చేత్తో ఆపాను."

"ఆపితే ఎలా మాడుతుందమ్మా?"

ఆ అబ్బాయి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అని ఉండేది. అతను బ్యాగులోంచి ఎర్ర అట్ట ట్యాగు ఒకటి తీశాడు. పాడైన మెషీన్లకి తగిలించేవి, "వాడరాదు" అని పెద్ద అక్షరాలతో, అతని బ్యాగులో ఎప్పుడూ పది ఉంటాయి. దాన్ని స్టవ్‌కి కట్టాడు. కట్టింది స్టవ్‌కే అయినా తన మెడలోనే వేసినట్టనిపించింది ఆమెకి.

ఆ రాత్రి భోజనాల దగ్గర తీర్పు చెప్పేశాడు. కొత్త స్టవ్ వచ్చేదాకా గ్యాస్ బంద్, తెలిసినవాళ్ళ కరెంటు కాయిల్ స్టవ్ తెస్తాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ దేన్నీ వెలిగించకూడదు. శనివారం షాపుకెళ్ళి దానంతటదే ఆగిపోయే స్టవ్ కొంటారు. సోమవారం నుంచి పిడుగు బడి అయ్యాక ఇంటికి రాదు, పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకునే సెంటర్ ఒకటుంది, ఆరింటి వరకూ అక్కడే ఉంటుంది. అక్కడ ఈమధ్యే పెట్టించిన ఫైర్ అలారం కూడా ఉందట.

"మీకూ కాస్త విశ్రాంతి ఉంటుంది అత్తయ్యా అని చెప్పవే" అన్నట్టు భార్య వైపు చూశాడు. కోడలు ఆ మాటే చెప్పింది, కంచంలోంచి తల ఎత్తకుండా. విశ్రాంతి అనే మాటని ఎవరు కనిపెట్టారో గానీ, మనిషిని పక్కన పెట్టడానికి అంతకంటే మెత్తటి మాట దొరకదు.

*

బుధవారం పొద్దున టెలిఫోనమ్మ ఆ గిన్నె ముందేసుకుని కూర్చుంది. నానబెట్టింది, ఉడకబెట్టడానికి పొయ్యి లేదు కాబట్టి మళ్ళీ నానబెట్టింది, ఇనప పీచుతో తోమింది. పొరపొరగా నలుపు ఊడుతోంది. తోముతూ మంగళవారాన్ని మొదటి నుంచి తల్చుకుంది. మూడు గింజలు. గుప్పెడున్నర. ఒకటి, రెండు. చెయ్యి నాబ్ మీదికి వెళ్ళింది. వెళ్ళిందా? రోజూ వెళ్ళే చెయ్యే కదా, ఆ రోజు వెళ్ళిందని ఎలా చెప్పడం? ఏ రోజు వెళ్ళిన చెయ్యో తల్చుకుని ఆ రోజే అనుకుంటోందేమో.

అక్కడ మొదలైంది పురుగు తొలవడం.

గురువారం స్నానాల గది లైటు ఆపి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి చూసింది. ఆపే ఉంది. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చింది. తలుపు తాళం మూడుసార్లు లాగి చూసింది. కొళాయి దగ్గరికి ఐదుసార్లు వెళ్ళింది. ఈ కాపలా గోలలో పడి కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. ఇల్లంతా వెతుకుతుంటే పిడుగు వచ్చి, నానమ్మా నీ నెత్తి మీదే ఉంది అని పకపకా నవ్వింది. కొడుకు నవ్వలేదు. కోడలి వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు టెలిఫోనమ్మ చూసింది.

ఇంక తనని తను పరీక్ష పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎక్స్‌ఛేంజి రోజుల్లో నోటికొచ్చిన నంబర్లు వరసగా చెప్పుకుంది. పెద్దాసుపత్రి, అగ్నిమాపక కేంద్రం, రైల్వే విచారణ, కలెక్టరాఫీసు, మంచు గడ్డల ఫ్యాక్టరీ. ఒక్కటీ తప్పు పోలేదు, కానీ సరిచూసుకుందామంటే ఆ నంబర్లేవీ ఇప్పుడు లేవు. ఉన్నవన్నీ గుర్తున్నాయో, లేనివన్నీ కల్పించుకుంటోందో చెప్పే నాథుడు లేడు. మధ్యాహ్నం మంచం మీద ఒక్కతే కూర్చుని ఆమె నిజంగా భయపడింది. పిల్లని తీసుకుపోతే తీసుకుపోతారు. తన బుర్ర తన చేతిలోంచి జారిపోతే దాన్ని ఎక్కడికెళ్ళి వెతకాలి?

శుక్రవారం సాయంత్రం కొడుకు సెంటర్ వాళ్ళ ఫారం బల్ల మీద పెట్టుకుని నింపుతుంటే, ఆమె మంచినీళ్ళ గ్లాసు అందించడానికి వెళ్ళి పక్కన ఒక్క నిమిషం నిలబడింది. పిల్ల పేరు, వయసు, రక్తం గ్రూపు. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నచోట ఇంతకుముందు బడి ఫారంలో తన నంబరే ఉండేది. ఇప్పుడు కోడలి ఆఫీసు నంబరు రాశాడు. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

గిన్నె మాత్రం తోమగా తోమగా తేటపడింది. అడుగున అరచేతంత మచ్చ మాత్రం ఉండిపోయింది.

*

షాపులో స్టవ్‌లు మూడు వరసలుగా పెట్టారు. స్టీలు పళ్ళెంలో రెండు బర్నర్లవి ఒక వరస, నల్లటి గాజు పలక మీద మూడు నాలుగు బర్నర్లవి రెండో వరస, మంటే లేకుండా చదునైన పలకలు మూడో వరస. సేల్స్‌మన్ మెడకి టై కట్టుకుని, కొడుకుతోనే మాట్లాడుతూ మూడో వరసకి నడిపించాడు.

ఆ ఇండక్షన్ స్టవ్‌ల గొప్పలు ఒక్కొక్కటే విప్పాడు. గిన్నె ఎత్తేస్తే ఆగిపోతుంది, టైము పెడితే ఆగిపోతుంది, పిల్లలు నొక్కకుండా తాళం ఉంది. పిడుగు వెంటనే గిన్నె ఎత్తింది, దించింది, ఎత్తింది, అది కుయ్యికుయ్యిమంటుంటే దానికదే ఆటగా ఉంది. అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనికొస్తాయని కోడలు అడిగి తెలుసుకుంది. అల్యూమినియం గిన్నె పనికిరాదన్నమాట. "మర్చిపోయి వదిలేసినా భయం లేదండి. ముసలివాళ్ళున్న ఇళ్ళలో అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అని సేల్స్‌మన్ టెలిఫోనమ్మ వైపు తల ఊపి, చిన్నపిల్లని చూసి నవ్వినట్టు నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఐదు రోజుల క్రితమైతే అనగలిగిన మాట ఇప్పుడు నోట్లోంచి రాలేదు.

ఇంతలో గుమ్మం దగ్గర్నుంచి మాడు వాసన వచ్చింది. వచ్చేపోయేవాళ్ళని లోపలికి లాగడానికి అక్కడ ఒక గాజు పలక గ్యాస్ స్టవ్ వెలిగించి, షాపు అమ్మాయి పాప్‌కార్న్ చేస్తోంది. సగం గింజలు రాళ్ళలా మిగిలాయి, సగం మాడాయి. పక్కన చెత్తబుట్టలో అలాంటి వాయిలు అప్పటికే రెండున్నాయి. యజమాని చూస్తే తిడతాడని ఆ పిల్ల మొహం వెలవెలబోయింది. టెలిఫోనమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. జరుగమ్మా అని చెప్పి, గిన్నె తుడిపించి, నూనె పోయించి, మూడు గింజలు వేసింది. కొడుకు దూరం నుంచి చూసి రెండడుగులు ముందుకు వేశాడు. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

మూడూ పేలాయి. మిగతావి పోసి మూత పెట్టింది. ఆ షాపులో పాటలు, బేరాలు, ఫ్యాన్లు, బయట హారన్లు అన్నీ ఉన్నాయి. ఆమె చెవి మాత్రం మూత కిందే ఉంది. రొద పెరిగింది, నిండింది, పలచబడింది. ఒకటి, రెండు. నాబ్ తిప్పింది. మూత వారగా జరిపి, దాని మీద గుడ్డతో చెయ్యి పెట్టి, మిగిలినవి వింది. టప్. టప్, టప్. కాస్త ఆగి ఇంకొకటి. అలా ఏడు పేలాయి. ఇంక లేవు.

షాపు అమ్మాయి గిన్నె వంపితే తెల్లటి పేలాలు దొర్లాయి, అడుగున పేలని గింజలు నాలుగో ఐదో. అమ్మయ్య అని ఆ పిల్ల చేతులు జోడించినంత పని చేసింది. టెలిఫోనమ్మ అదేం చూడలేదు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ఏడు. ఎప్పుడైనా అంతే, ఆరో ఏడో, మహా అయితే పది. మరి మంగళవారం? బాల్కనీలో ముందు చొక్కాలు తీసింది, తర్వాత పిల్ల గౌన్లు, సాక్సులు, ఆఖరికి దుప్పటి. దుప్పటి తీస్తుంటే ఇంకా పేలుతున్నాయి. ఆపిన గిన్నె అంతసేపు పేలదు. సరే, ఆపలేదే అనుకుందాం. పెద్ద మంట మీద వదిలేస్తే తను గొడుగు తీసుకునేలోపే మాడు వాసన ముక్కు పగలగొట్టాలి. తలుపు తాళం వేసేటప్పుడు కమ్మటి వాసన తప్ప ఏమీ లేదు. అంటే మంట ఆగనూ లేదు, పెద్దదిగానూ లేదు. గిన్నె కింద సన్నగా ఉంది. పేలాలకి సన్న మంట తను జన్మలో పెట్టలేదు.

కొడుకు అప్పటికే ఇండక్షన్ స్టవ్‌కి బిల్లు రాయమంటున్నాడు. ఆమె వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఇవాళ వద్దురా. రేపు మధ్యాహ్నం వద్దాం. అప్పుడు నువ్వు ఏది చూపిస్తే అదే కొందాం, నేను మారు మాట్లాడను."

ఎందుకని అడిగితే చెప్పలేదు. కొడుకు విసుక్కున్నాడు, సేల్స్‌మన్ మొహం వేలాడేశాడు. షాపు అమ్మాయి మాత్రం పిడుగు చేతిలో పేలాల పొట్లం పెట్టి గుమ్మం దాకా వచ్చింది.

*

ఇంటికి రాగానే టెలిఫోనమ్మ ఎదురింటి తలుపు కొట్టింది. టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చింది. ఆ రోజు పొగలోకి వెళ్ళి స్టవ్ నాబ్ తిప్పావా అని అడిగితే, స్టవ్ దాకా ఎక్కడ పోయానండీ, కళ్ళు కనపడితేగా, కింద సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి వచ్చేశాను అంది. మంట చూశావా అంటే, పొగ తప్ప ఏమీ చూడలేదంది.

మరి సాయంత్రం కొడుకు వచ్చేసరికి నాబ్ ఆపే గుర్తు దగ్గరే ఉంది. టైలరమ్మ తిప్పిందనుకున్నాడు. టైలరమ్మ తిప్పలేదు. ఆ పొగ హడావిడిలో కోడలు వచ్చాక తిప్పిందా? ఏమో. ఇప్పుడు అడిగితే తప్పు ఇంకొకళ్ళ మీదికి నెడుతోందంటారు. తనే వెళ్ళి వెలిగించి చూద్దామంటే, వెలిగించనని మాటిచ్చింది. చూసి చెప్పినా నమ్ముతారా? మంగళవారం చెప్తే నమ్మారా?

ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. ఆ స్టవ్ కొడుకు చేతే వెలిగించాలి, కొడుకు చేతే ఆపించాలి. గిన్నె ఎత్తినప్పుడు కింద మంట లేకపోతే ఇంక ఈ నోరు ఎత్తదు. సోమవారం పిల్లని తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ సెంటర్లో దింపి వస్తుంది. పాడైంది స్టవ్ కాదు, తన బుర్రే అని ఒప్పుకుంటుంది.

ఆదివారం పొద్దున టిఫిన్లు అయ్యాక కొడుకుని అడిగింది. పాత స్టవ్ ఎలాగూ పోతోంది, పిల్లకి ఆఖరిసారి దాని మీద పేలాలు చేసి పెట్టు, నేను ఏదీ ముట్టుకోను అని. అతను గడియారం చూశాడు, ట్యాగు చూశాడు. పిడుగు అప్పటికే వాళ్ళ నాన్న నడుం పట్టుకుని వేలాడుతోంది. "అత్తయ్య అడగక అడిగారు, చెయ్యొచ్చుగా" అంది కోడలు.

అతను ట్యాగు విప్పి పక్కన పెట్టాడు. టెలిఫోనమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మచ్చ గిన్నె ఎడమ బర్నరు మీదికెక్కింది. అతను కిందికి వంగి రెగ్యులేటర్ తిప్పి, లేచి నాబ్ తిప్పి లైటర్ కొట్టగానే మంట మామూలు కంటే గట్టిగా భగ్గుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఐదు రోజులు వాడలేదుగా అని తనలో తనే అనుకున్నాడు.

నూనె ఎక్కువ పోశాడు. గింజలు మూడు అంటే ఐదు వేశాడు. గిన్నె ఆడించమంటే స్టవ్‌తో సహా ఆడించాడు. పిడుగు నవ్వింది, కోడలు మొహం తిప్పుకుని నవ్వింది. టెలిఫోనమ్మకి నవ్వు రాలేదు. రొద నిండింది. పలచబడింది.

"ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సందు దొరికితే ఆపు" అంది.

ఆపాడు. గిన్నె దింపబోతే వద్దంది. మూత వారగా పెట్టి, ఇటొచ్చి నా పక్కన కూర్చోమంది. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆపాక ఎన్ని పేలతాయో లెక్కపెట్టమని పిడుగుకి చెప్పింది. పిల్ల ఆరిందాలా వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టింది. నాలుగు, ఐదు, ఆరు. ఏడు.

ఏడు దగ్గర ఆగింది. గిన్నెలో చప్పుడు లేదు. అయిపోయింది, ఇంక పిల్ల బట్టల సంచీ సర్దడమే అనుకుంది టెలిఫోనమ్మ. కళ్ళు మూసుకుంది.

టప్.

"ఎనిమిది" అంది పిడుగు.

తొమ్మిది. పది. కాసేపాగి రెండు ఒకేసారి. పదమూడు. పది దాటినప్పట్నుంచీ పిల్ల తన వేళ్ళు చాలక నాన్న వేళ్ళు ముడుస్తోంది. ఈ గింజ మంచిదే అన్నాడు అతను, పిల్ల చేతిలో వేళ్ళు వదిలేసి. టెలిఫోనమ్మ కళ్ళు తెరిచింది.

"స్టవ్ ఆపావా?"

"ఆపాగా."

"లేచి వెళ్ళి చూసి చెప్పు."

అతను లేచి వంగి చూశాడు. నాబ్ మీది గీత ఆపే గుర్తుకి సూటిగా ఉంది. వేలితో కూడా నొక్కి చూశాడు.

"ఆపానమ్మా. నా చేత్తో ఆపాను."

"నేనూ అదే చెప్పానురా" అంది టెలిఫోనమ్మ. "గిన్నె ఎత్తు."

ఎత్తాడు. బర్నరు చుట్టూ గోరంత ఎత్తున నీలం మంట, పగటి వెలుగులో కనపడీ కనపడకుండా, చప్పుడు లేకుండా వెలుగుతోంది.

అతను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోడలే వంగి రెగ్యులేటర్ కట్టేసింది. మంట ఆరిపోయింది. టెలిఫోనమ్మకి ముందు కాళ్ళు తేలికయ్యాయి, తర్వాత భుజాలు, తర్వాత ఐదు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఎక్కణ్ణించో తన్నుకొచ్చింది. ఆపాను, నేను ఆపాను, నా బుర్ర నా దగ్గరే ఉంది అనుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

కొడుకు గిన్నె కింద పెట్టి నాబ్ పట్టి లాగాడు. ఊడొచ్చింది. దాని బొర్రలోంచి నాని మెత్తబడిన ఎర్ర అట్టముక్క ఒకటి జారి గట్టు మీద పడింది. పోయిన వారం, శనివారంనాడు, పగిలిన నాబ్ బదులు దొరికిందేదో తెచ్చాడు. అది లూజుగా ఉంటే, చేతికందిన ట్యాగు చింపి మడిచి అందులో కుక్కాడు. లూజుగా తిరుగుతోందిరా అని తల్లి అంటే, తిరుగుతోందిగా, ఇంకేం కావాలి అన్నాడు. ఆ మర్నాడు ఆదివారం కోడలు ఎప్పట్లాగే నాబ్‌లన్నీ సబ్బునీళ్ళలో కడిగింది. అట్ట నానింది. అప్పట్నుంచి నాబ్ పూర్తిగా తిరిగినా లోపలి కడ్డీ పూర్తిగా తిరగడం లేదు. మిగతా వంటలకి ఆపగానే గిన్నె దింపేస్తారు, మంట కంటబడుతుంది. ఆపాక కూడా బర్నరు మీద ఉండేది పేలాల గిన్నె ఒక్కటే.

అట్టముక్కని పిడుగు విప్పి చదివింది. "వాడ" అని మాత్రం ఉంది, మిగతాది చిరిగిపోయింది.

అప్పుడు కోడలు నోరు విప్పింది. గొంతు చాలా చిన్నగా ఉంది.

"సోమవారం పొద్దున పాలు దింపితే కింద సన్నగా వెలుగుతూనే ఉంది అత్తయ్యా. మళ్ళీ గట్టిగా తిప్పి ఆపాను. నేనే సరిగ్గా ఆపలేదేమో అనుకున్నాను. మీకా సంగతి జరిగినప్పుడు కూడా చెప్పాలని తోచలేదు."

టెలిఫోనమ్మ ఆ అమ్మాయిని చూసింది. ఆఫీసూ ఇల్లూ పరుగులు పెట్టే పిల్ల, మంట కనపడితే మొదట తననే అనుమానించుకుంది. తనూ చేసింది అదే కదా. చెయ్యి చాచి దగ్గరికి లాక్కుని కుర్చీ చేతి మీద కూర్చోబెట్టుకుంది.

కొడుకు నీళ్ళు నములుతున్నాడు. ఫ్యాక్టరీలో అయితే మనిషిని అడిగే ముందు మెషీన్ విప్పి చూస్తాను అన్నాడు. ఇంట్లో అది తోచలేదన్నాడు. ఆఖరికి వచ్చి కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, తప్పు నాదేనమ్మా, నీ మాట వినలేదు అన్నాడు. పర్లేదులే అని తల నిమిరేస్తుందని అనుకుని ఉంటాడు. ఆమె నిమరలేదు.

"ఐదు రోజులురా. నాకు మతి పోయిందనుకున్నాను. లైటు ఆపి కూడా నాలుగుసార్లు వెనక్కొచ్చి చూసుకున్నాను. ఆ ట్యాగు ఉందే, అది తీసి నీ మెడలో వేసుకో."

పిడుగు చటుక్కున వెళ్ళి ట్యాగు తెచ్చి నిజంగానే వాళ్ళ నాన్న మెడలో వేసింది. అతను తియ్యలేదు. ఇంక కోడలు ఆపుకోలేకపోయింది, పక్కున నవ్వింది. ఆ నవ్వు టెలిఫోనమ్మకి కూడా అంటుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి పొలమారితే మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

పేలాలు కొన్ని అడుగంటాయి. బాగున్నవి ఏరి పిల్ల గిన్నెలో వేస్తూ, మధ్యాహ్నం షాపుకి వెళ్దాం అంది టెలిఫోనమ్మ. మాటిచ్చాను కాబట్టి నీ ఇష్టం, కానీ నన్నడిగితే మొదటి వరసలోది కొనండి, మంట కంటికి కనపడేది, బిల్లు రాయించే ముందు నాబ్‌లన్నీ ఊడదీసి చూస్తాను, ఆ టై కట్టుకున్నవాడు ఏమనుకున్నా సరే అంది. మొదటి వరసలోదే అన్నాడు కొడుకు.

"మరి రేపు నేను సెంటర్‌కి వెళ్ళాలా?" అంది పిడుగు, నోటి నిండా పేలాలతో.

అతను తల్లి మొహంలోకి చూశాడు, లేచి ఫోన్ తీశాడు. నంబరు కోసం ఫోన్‌లో వెతికాడు, లేదు. ఫారం వాళ్ళకే ఇచ్చేశాడు. బ్యాగు వెతికాడు, సొరుగు లాగాడు. ఆదివారం కదా, రేపు పొద్దునే వెళ్ళి చెప్పొస్తానులే అన్నాడు.

టెలిఫోనమ్మ పేలని గింజలు ఏరుతూనే, తల ఎత్తకుండా, నంబరు చెప్పింది. శుక్రవారం మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ ఫారం పైన ఒక్కసారి చూసిన నంబరు. మొదటి ఆరంకెలూ ఒక్క ఊపున చెప్పి, అతను నొక్కేదాకా ఆగి, "ఏడు, సున్నా, సున్నా, నాలుగు" అంది. అతని వేలు ఆఖరి అంకె మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కాడు.

అవతల మోగింది. రెండుసార్లు, మూడుసార్లు. ఎవరో ఆడమనిషి ఎత్తి, పిల్లల సెంటరండీ, చెప్పండి అంది. అతను మెడలో ఎర్ర ట్యాగుతో, చెవి దగ్గర ఫోన్‌తో, తల్లినే చూస్తున్నాడు.

"లైన్ కలిసింది" అంది టెలిఫోనమ్మ. "మాట్లాడు."